క్యాపిటల్ పీ, స్మాల్ పీ: కంప్యూటర్ సైన్స్ హెచ్‌వోడీలకు ఒక బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోనూ, అటు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపూ ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ విభాగాలు నడుపుతున్న హెచ్‌వోడీ సార్లకు, మేడమ్‌లకు, ల్యాబ్ ఇన్‌చార్జీలకు, ఎక్స్‌టర్నల్స్‌గా వచ్చే పెద్దలకు నమస్కారం.

నేను మీ ల్యాబుల్లోంచి బయటికొచ్చినవాడినే. ఏ కాలేజీ అన్నది చెప్పను. చెబితే మిగతా కాలేజీలవాళ్లు ఇది మన గురించి కాదులే అని పక్కన పెట్టేస్తారు. కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, అమ్మానాన్నల కోసం హనుమకొండకు తిరిగొచ్చాను. ఇప్పుడు నలుగురం కలిసి ఒక చిన్న ఆఫీసు నడుపుకుంటున్నాం. ఏడాదికి ఇద్దరు ముగ్గురు పిల్లలు మీ దగ్గర్నుంచే ఇంటర్న్‌షిప్‌కు వస్తారు. తెలివైన పిల్లలు. లింక్డ్ లిస్టును తిరగేసి రాయమంటే రాస్తారు. నార్మలైజేషన్ అడిగితే ఊపిరి తీసుకోకుండా అప్పజెప్తారు. ఫైలుకు పేరు పెట్టమంటే మాత్రం చేతికొచ్చింది పెడతారు.

నేను అడగబోయేది చిన్న విషయమే. సోర్స్ కోడ్ ఫైళ్ల పేర్లలో ఎక్కడ క్యాపిటల్ అక్షరం ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నది మొదటి ల్యాబ్ నుంచే పిల్లలకు అలవాటు చేయండి, అలవాటు కాకపోతే మార్కులు కోయండి. ఇంత దానికి బహిరంగ లేఖ దేనికని మీరు నవ్వుకుంటారని తెలుసు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక పొద్దున నా పరువు ఎట్లా పోయిందో విన్నాక నవ్వండి.

రెండేళ్ల కింద, మిర్చి సీజను. అక్కడ ఒక అడ్తి దుకాణానికి, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణానికి, మేం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చాం. కాంటా అయ్యాక బస్తాల లెక్క, తూకం, ధర, హమాలీ ఖర్చులు ఎక్కిస్తే రైతు చేతికి ఇవ్వాల్సిన తక్‌పట్టీ ప్రింటవుతుంది. అంతకుముందు రాత్రి మా ఇంటర్న్ ఆ తక్‌పట్టీ నమూనాను మార్చి సర్వర్ మీదికి ఎక్కించాడు. అజాగ్రత్త మనిషేం కాదు. ఒంటిగంట దాకా కూర్చొని, తన ల్యాప్‌టాప్‌లో పదిసార్లు ప్రింటు తీసి చూసుకొని మరీ ఎక్కించాడు. పొద్దున కాంటాలు మొదలయ్యాయి. మొదటి రైతుకు తక్‌పట్టీ కొట్టబోతే స్క్రీను తెల్లగా అయిపోయింది.

గుమస్తా ఫోన్ చేసేసరికి నేనింకా చాయ్ తాగుతున్నా. సర్వర్‌లో లాగ్ తీస్తే తక్‌పట్టీ అనే క్లాసు దొరకలేదని రాసి ఉంది. ఫైలు చూస్తే అక్కడే ఉంది. ఇంటర్న్‌ను నిద్ర లేపాను.

"అన్నా, నా ల్యాప్‌టాప్‌ల మంచిగనే నడుస్తున్నది గదా."

"సరేగాని, క్లాసు పేరు చదువు."

"తక్‌పట్టీ."

"ఫైలు పేరు?"

"తక్‌పట్టీ, డాట్ పీహెచ్‌పీ."

"మరి రెండూ ఒకటే గదరా?"

"అదే అంటున్న అన్నా."

ఇద్దరం సరిగ్గానే చదువుతున్నాం. క్యాపిటల్ అక్షరం ఫోన్లో వినబడదు. క్లాసు పేరులో టీ, పీ రెండూ క్యాపిటల్. ఫైలు పేరులో టీ ఒక్కటే క్యాపిటల్, పీ స్మాల్. అది కంటికి ఆనడానికి పావుగంట పట్టింది. ఈ లేఖలో కూడా అదే ఇబ్బంది చూడండి. తెలుగులో రాస్తుంటే ఆ రెండు పేర్లకూ తేడా చూపించలేక 'క్యాపిటల్ పీ', 'స్మాల్ పీ' అని విడమరిచి చెప్పుకోవాల్సి వస్తోంది.

కథ అక్కడితో అయిపోలేదు. తప్పు దొరికింది కదా, ఫైలు పేరు మార్చి పంపమన్నాను. మార్చాడు. "అన్నా, పేరు మార్చిన. గిట్ మాత్రం ఏం మార్పు లేదంటున్నది" అన్నాడు. గిట్ అంటే కోడ్‌లో మార్పులను లెక్కపెట్టుకునే టూల్. మళ్లీ మార్చాడు. మళ్లీ అదే మాట. వాడి గొంతులో ఏడుపు వినబడుతోంది. అవతల రైతులు తెల్లవారుజామున ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చినవాళ్లు, తక్‌పట్టీ చేతికి రానిదే కదలలేరు. హమాలీలు తరువాతి బస్తాల కోసం చూస్తున్నారు. మొత్తం నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ గుమస్తా కార్బన్ పేపర్లు పెట్టి చేత్తో రాసి ఇచ్చాడు. సాయంత్రం వెళ్తే దుకాణం సేటు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, చాయ్ తెప్పించాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇది ఎందుకు జరిగిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ ఈ లేఖ మీ పిల్లలు కూడా చదువుతారు కాబట్టి చెప్తాను. విండోస్ మామూలుగా ఫైలు పేరులోని క్యాపిటల్స్‌ను గుర్తుపెట్టుకుంటుంది, మనకు అట్లాగే చూపిస్తుంది, వెతికేటప్పుడు మాత్రం పట్టించుకోదు. మ్యాక్ కూడా మామూలు సెట్టింగుల్లో అంతే. లైనక్స్‌కు క్యాపిటల్ పీ వేరు, స్మాల్ పీ వేరు. ఒకే ఫోల్డర్‌లో రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టుకుంటుంది. మన పిల్లలు కోడ్ రాసేది విండోస్‌లో, ఆ కోడ్ బతకాల్సిన సర్వర్లు ఎక్కువగా లైనక్స్‌వి.

గిట్ సంగతి ఇంకో తిరకాసు. విండోస్‌లో రిపాజిటరీ, అంటే ప్రాజెక్టు ఫోల్డర్, మొదలుపెట్టినప్పుడు గిట్ ఆ డిస్కును పరీక్షించి, ఇది కేస్, అంటే క్యాపిటల్-స్మాల్ తేడా, పట్టించుకోని డిస్కు అని తేల్చుకొని, కోర్ డాట్ ఇగ్నోర్‌కేస్ అనే సెట్టింగును ఆన్ చేసుకుంటుంది. ఆ తరువాత ఎక్స్‌ప్లోరర్‌లో రైట్ క్లిక్ కొట్టి స్మాల్ పీని క్యాపిటల్ చేస్తే దానికి లెక్కలోకే రాదు. గిట్ ఎంవీ అని కమాండ్ ఇచ్చి మార్చితే ఒప్పుకుంటుంది. మా ఇంటర్న్‌కు గిట్ యాడ్, గిట్ కమిట్, గిట్ పుష్ మూడే తెలుసు. నాలుగోది ఆ పొద్దున నేర్చుకున్నాడు.

మన త్రినగరితో పోల్చి చెబితే పిల్లలకు చప్పున ఎక్కుతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాడికి వరంగల్, హనుమకొండ, కాజీపేట అన్నీ వరంగలే. ఎన్ఐటీలో పని ఉందని రైలెక్కినవాడు వరంగల్ స్టేషన్ దాకా పోయి దిగి, ఆటోవాడు చెప్పిన రేటుకు నోరు తెరుస్తాడు. కాజీపేటలో దిగితే క్యాంపస్ దగ్గర్లోనే ఉండేది. విండోస్ ఆ బయటివాడి లాంటిది, ఏ పేరు చెప్పినా వరంగల్ అనే అనుకుంటుంది. లైనక్స్ మన ఆటో అన్న. ఏ స్టేషనో తేల్చి చెప్పేదాకా మీటర్ వెయ్యడు. సరే, మీటర్ ఎప్పుడూ వెయ్యడు, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు మాట. ఈ తప్పు మన పిల్లలు ఎక్కువగా చేయడానికి నాకు కనబడే కారణం సోమరితనం కాదు. మన లిపిలో ఈ గొడవే లేదు. ఇంగ్లిష్ అచ్చు పనిలో సీసపు అక్షరాలను రెండు పెట్టెల్లో పెట్టుకునేవారు, పై పెట్టెలో క్యాపిటల్స్, కింది పెట్టెలో మిగతావి. కేస్ అన్న మాట ఆ పెట్టెల నుంచే వచ్చింది. తెలుగుకు గుణింతాలున్నాయి, వత్తులున్నాయి, పెద్ద 'అ', చిన్న 'అ' లేవు. మన పిల్లవాడు క్యాపిటల్ అక్షరాన్ని మొదట చూసేది నాలుగు గీతల కాపీ పుస్తకంలో. అక్కడ వాడికి అర్థమయ్యేది ఏమంటే, మొదటి అక్షరం పెద్దగా రాస్తే అందంగా ఉంటుంది, మనిషి పేరుకు పెద్దక్షరం పెడితే గౌరవం. ఆ గౌరవంతోనే ప్రాజెక్టు ఫైలుకూ క్యాపిటల్ పెడతాడు. వాడి దృష్టిలో అది పూలదండ లాంటిది. వేసినా వేయకపోయినా మనిషి మారడు.

అట్లాగని తేడాలు పట్టే చెవి మనకు లేదా అంటే, మస్తుగా ఉంది. కల వేరు, కళ వేరు. పదో తరగతి తెలుగు పేపర్లో 'ళ' రాయాల్సిన చోట 'ల' రాస్తే మా తెలుగు సారు అర మార్కు కోసేవారు, బతిమాలినా వేసేవారు కాదు. యూనికోడ్ తెలుగు కీబోర్డులు ఇంత తేలిక కాకముందు ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైపు చేసినవాళ్లకు ఇంకా బాగా గుర్తుంటుంది. స్మాల్ ఎల్ కొడితే 'ల', క్యాపిటల్ ఎల్ కొడితే 'ళ'. స్మాల్ ఎన్ 'న', క్యాపిటల్ ఎన్ 'ణ'. అక్కడ క్యాపిటల్ అంటే అలంకారం కాదు, అదొక వేరే అక్షరం. పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చెప్పండి చాలు. లైనక్స్ ఫైలు పేరును ఆర్‌టీఎస్ లాగా చదువుతుంది. కల అని పేరున్న ఫైలును కళ అని పిలిస్తే పలకదు. తెలుగు సారు అర మార్కు కోసినప్పుడు కంప్యూటర్ సారు ఎందుకు కోయకూడదో నాకు అర్థం కాదు.

మీ ల్యాబుల్లోకి వద్దాం. ఫస్టియర్ సీ ల్యాబ్‌లో క్యాపిటల్ అక్షరాన్ని స్మాల్‌గా మార్చే ప్రోగ్రాం రాయిస్తారు. ఆస్కీ నంబర్లలో క్యాపిటల్ 'ఏ'కు 65, స్మాల్ 'ఏ'కు 97, మధ్యలో 32 తేడా, అంటే ఒక్క బిట్. పిల్లలందరూ రాస్తారు, వైవాలో చెప్తారు. ఆ ప్రోగ్రాంను సేవ్ చేసిన ఫైలు పేరు చూడండి. ఒకడిది పీఆర్‌జీ సెవెన్ అన్నీ క్యాపిటల్స్‌లో, ఇంకొకడిది న్యూ అని, మరొకడిది వాళ్ల హాల్ టికెట్ నంబరు మధ్యలో రెండు స్పేస్‌లతో. ల్యాబ్ రికార్డులో మార్జిన్ గీత వంకర పోతే తిరిగి గీయిస్తారు కదా. ఫైలు పేరు వంక ఎవరూ చూడరు.

టర్బో సీ ఇంకా కొన్ని ల్యాబుల్లో నడుస్తోందని పిల్లలే చెప్తుంటారు. దాన్ని వాడొద్దని ఈ లేఖలో పోట్లాడను, ఆ పోట్లాట పాతదైపోయింది. ఒక్క సంగతి మాత్రం చెప్తాను. అది డాస్ కాలపు సరుకు. పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తరువాత మూడు, అన్నీ క్యాపిటల్స్. అందులో సేవ్ చేసిన లింక్డ్ లిస్ట్ ప్రోగ్రాంను ఒక అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మా ఆఫీసులో లైనక్స్ మీద జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేసింది. చుక్క తరువాత క్యాపిటల్ సీ ఉంది. జీసీసీకి స్మాల్ సీ అంటే సీ భాష, క్యాపిటల్ సీ అంటే సీ ప్లస్ ప్లస్. మెమరీ అడిగి తెచ్చే మాలాక్ ఫంక్షన్ ఇచ్చిన వాయిడ్ పాయింటర్‌ను నేరుగా ఇంకో రకం పాయింటర్‌లో పెట్టడాన్ని సీ ఒప్పుకుంటుంది, సీ ప్లస్ ప్లస్ ఒప్పుకోదు. ఎర్రర్ వచ్చింది. ఆ అమ్మాయి మాలాక్ ఉన్న లైనును మార్చి మార్చి రాసింది, పాయింటర్ల పాఠం మళ్లీ చదివింది, ఇక తనకు పాయింటర్లు రావు అని తేల్చేసుకుంది. పాయింటర్లు బాగానే వచ్చు. ఎక్స్‌టెన్షన్‌లో ఒక్క అక్షరం చిన్నది చేస్తే చక్కగా కంపైల్ అయింది. అసెంబ్లీ ఫైళ్లలోనూ ఇంతే, క్యాపిటల్ ఎస్ ఉంటే ముందు ప్రీప్రాసెసర్ గుండా పోతుంది, స్మాల్ ఎస్ ఉంటే పోదు. తెలిసినవాళ్లకు అది వసతి, తెలియనివాళ్లకు దయ్యం.

జావా ల్యాబ్ వచ్చేసరికి ఒక నియమం నేర్పుతారు. పబ్లిక్ క్లాసు పేరేదో ఫైలు పేరూ అదే ఉండాలని. బాగుంది. కాని అది జావా పెట్టిన చాదస్తం అన్నట్టు నేర్పుతారు, పిల్లలు అట్లాగే బట్టీ పడతారు. క్లాసు పేరు క్యాపిటల్ ఎస్‌తో స్టూడెంట్ అయితే, రన్ చేసేటప్పుడు స్మాల్ ఎస్‌తో కొట్టి చూడమనండి. విండోస్ ఫైలును తెచ్చి ఇస్తుంది, జావా దాన్ని తెరిచి చూసి రాంగ్ నేమ్ అని తిప్పి పంపుతుంది. పది నిమిషాల పని. విండోస్ ఒకటి అనుకుంటోందని, భాష ఇంకొకటి అనుకుంటోందని పిల్లవాడు తన కళ్లతో చూస్తాడు. నాకు ఎవరూ చూపించలేదు.

ఇంతకీ ఏది సరైన పద్ధతి అంటారా? అన్ని భాషలకూ ఒకటే పద్ధతి లేదు, ఊరికో ఆచారం. పైథాన్‌లో మాడ్యూల్ పేర్లు చిన్నవిగా, అన్నీ స్మాల్ అక్షరాలతో, అవసరమైతే అండర్‌స్కోర్‌తో ఉండాలని ఆ భాష శైలి నియమావళి పెప్ 8 చెప్తుంది. హైఫన్ పెడితే మామూలు ఇంపోర్ట్ పనిచేయదు, అది మైనస్ గుర్తు అనుకుంటుంది. గూగుల్ తన సీ ప్లస్ ప్లస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లకు అన్నీ స్మాల్ అక్షరాలే అని రాసుకుంది. గో భాషవాళ్లూ స్మాల్ అక్షరాలే వాడతారు, అక్కడ పేరు చివర అండర్‌స్కోర్ టెస్ట్ అని పెడితే ఆ ఫైలు అర్థమే మారిపోతుంది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు పెట్టే ఎన్‌పీఎంలో కొత్త ప్యాకేజీ పేరులో క్యాపిటల్ పెట్టనివ్వరు. జావాలో క్లాసు పేరే ఫైలు పేరు కాబట్టి క్యాపిటల్ తప్పదు. రియాక్ట్‌లో కాంపోనెంట్ పేరు క్యాపిటల్‌తో మొదలవ్వాలి, లేకపోతే అది హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ అనుకుంటుంది. అందుకని చాలామంది ఫైలుకూ అదే పేరు పెడతారు. పీహెచ్‌పీ సంగతి చూశారు. క్లాసు పేర్లలో ఆ భాషకు కేస్ పట్టింపు లేదు గాని, ఫైలును వెతికి తెచ్చే ఆటోలోడర్ ఆ పేరును ఉన్నదున్నట్టు తీసుకొని లైనక్స్‌ను అడుగుతుంది. రూబీ ఆన్ రెయిల్స్‌లో ఫైలు పేరు స్మాల్ అక్షరాలు, అండర్‌స్కోర్లు. దాన్నిబట్టి క్లాసు పేరు ఏమై ఉండాలో రెయిల్స్ తనే లెక్కగట్టుకుంటుంది.

క్యాపిటల్స్‌కు పెద్దపీట వేసే చోటు కూడా ఒకటుంది. రీడ్‌మీ, మేక్‌ఫైల్ లాంటివి. ప్రోగ్రాంలను బిల్డ్ చేసే జీఎన్‌యూ మేక్, మేక్‌ఫైల్ పేరు స్మాల్ ఎమ్‌తో ఉన్నా, క్యాపిటల్ ఎమ్‌తో ఉన్నా చదువుతుంది. కానీ క్యాపిటల్ ఎమ్‌తో పెట్టుకోమని దాని మాన్యువల్ సలహా. ఎందుకంటే ఫైళ్ల జాబితాలో రీడ్‌మీ లాంటి ముఖ్యమైనవాటి పక్కన, పైన కనబడుతుంది. 65 కన్నా 97 పెద్దది కదా, మామూలు ఆస్కీ వరుసలో క్యాపిటల్స్ ముందొస్తాయి. మిగతావన్నీ స్మాల్‌లో ఉంటేనే ఆ పెద్దపీటకు విలువ. అందరూ పీటలెక్కితే పెళ్లికొడుకు ఎవరో తెలియదు.

నా మాట ఏమంటే, భాష గట్టిగా అడిగిన చోట తప్ప, అన్నీ స్మాల్ అక్షరాలే. రెండు మాటల మధ్య అండర్‌స్కోర్. స్పేస్‌లు లేవు, బ్రాకెట్లలో రెండు, మూడు లేవు. దీనికి నా దగ్గరున్న వాదన అందం గురించి కాదు. మాటలు ఎక్కడ విరుగుతాయన్నదే ఎప్పుడూ తగాదా. తక్‌పట్టీ ఒక మాటా, రెండా? మా ఇంటర్న్ క్లాసు రాసేటప్పుడు రెండనుకున్నాడు, ఫైలు పెట్టేటప్పుడు ఒకటనుకున్నాడు. ఇక్కడి జనం కోసం చేసే సాఫ్ట్‌వేర్ నిండా ఇట్లాంటి మాటలే. ఇంటిపేరు, పట్టాదారు, రైతుబంధు. ఇంటిపేరులో పీ క్యాపిటల్ పెట్టాలా అంటే అది షష్ఠీ తత్పురుషమా కాదా అన్న చర్చలోకి పోవాలి. స్మాల్ అక్షరాలు పెట్టినా అండర్‌స్కోర్ ఎక్కడన్న తగాదా మిగులుతుంది కదా అంటారు. మిగులుతుంది. కానీ అండర్‌స్కోర్ తప్పయితే విండోస్‌లో కూడా ఫైలు దొరకదు. ఆ తప్పు రాసినవాడి ల్యాప్‌టాప్‌లోనే, రాసిన నిమిషానికే బయటపడుతుంది. క్యాపిటల్ తప్పు ల్యాప్‌టాప్‌లో దాక్కొని, ఎనుమాముల దాకా ప్రయాణం చేసి, రైతుల ముందు బయటపడుతుంది.

ఇది చిన్నవాళ్లకే వచ్చే కష్టమని అనుకోకండి. లైనక్స్ కెర్నల్ సోర్సులో నెట్‌వర్క్ ప్యాకెట్లను వడగట్టే నెట్‌ఫిల్టర్ భాగంలో ఒకే పేరు క్యాపిటల్స్‌లో ఒకటి, స్మాల్‌లో ఒకటి ఉన్న ఫైళ్ల జంటలున్నాయి. క్యాపిటల్స్‌ది ప్యాకెట్ మీద పనిచేసేది, స్మాల్‌ది పోల్చి చూసేది. లైనక్స్‌లో అది చక్కని సంకేతం. అదే సోర్సును మామూలు విండోస్ ఫోల్డర్‌లోకి క్లోన్ చేసుకుంటే, అంటే గిట్‌తో నకలు దించుకుంటే, జంటలో ఒక్క ఫైలే మిగులుతుంది, ముట్టుకోకుండానే ఏదో మారిందని గిట్ చూపిస్తుంటుంది. 2018లో వచ్చిన గిట్ 2.20 నుంచి క్లోన్ చేసేటప్పుడే పేర్లు ఢీకొన్నాయని హెచ్చరిక వస్తోంది. అంతకన్నా పెద్దది 2014 డిసెంబరులో బయటపడింది. గిట్ తన సొంత సమాచారాన్ని చుక్క గిట్ అనే ఫోల్డర్‌లో దాచుకుంటుంది. ఎవరైనా తమ రిపాజిటరీలో అదే పేరును క్యాపిటల్ జీతో పెడితే లైనక్స్‌లో అది వేరే ఫోల్డర్, ప్రమాదం లేదు. విండోస్‌లో, మ్యాక్‌లో క్లోన్ చేస్తే అది అసలు ఫోల్డర్ మీదే పడి, సెట్టింగులను మార్చేసి, మన కంప్యూటర్‌లో వాళ్ల కమాండ్లు నడిపించగలిగేది. గిట్ 2.2.1లో సరిచేశారు. ఒక్క అక్షరం సైజు గురించి ఆ వారం గిట్ వాడేవాళ్లను అప్‌డేట్లు వేసుకొమ్మన్నారు. మీ సైబర్ సెక్యూరిటీ ఎలక్టివ్‌లో దీన్నొక పీరియడ్ చెప్పవచ్చు, పిల్లలు నిద్రపోరు.

మీరు చెప్పే అడ్డంకులు నాకు తెలుసు, నా క్లాస్‌మేట్ ఒకడు మీలో ఒకడే. సిలబస్ యూనివర్సిటీది, మా చేతుల్లో లేదంటారు. ఫైలు పేరు సిలబస్‌లో లేదు, నిజమే. మార్జిన్ గీత కూడా లేదు. ల్యాబుల్లో అన్నీ విండోస్ సిస్టమ్‌లే అంటారు. ఉండనివ్వండి. విండోస్ 10లో 2018 నుంచి ఒక ఫోల్డర్ వరకు కేస్ పట్టించుకునేట్టు పెట్టుకోవచ్చు, ఎఫ్ఎస్‌యుటిల్ అనే కమాండ్ ఉంది. లేదంటే డబ్ల్యూఎస్ఎల్ వేసుకుంటే లైనక్స్ ఆ సిస్టమ్‌లోనే వస్తుంది. మూలన పడేసిన పాత సిస్టమ్ ఒకటి ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటుంది, దానిమీద ఉబుంటు వేసి పెట్టినా చాలు. టూల్స్ చూసుకుంటాయిలే అనేవాళ్లూ ఉన్నారు. కొంతవరకు చూసుకుంటాయి. టైప్‌స్క్రిప్ట్‌లో ఫైలు పేర్ల కేస్ కలవకపోతే ఎర్రర్ ఇచ్చే సెట్టింగ్ 2023లో వచ్చిన 5.0 నుంచి ఏమీ చేయకుండానే ఆన్‌లో ఉంటుంది. అన్ని భాషలకూ ఆ అదృష్టం లేదు.

నేను కోరేది ల్యాబ్ మాన్యువల్ మొదటి పేజీలో నాలుగు వాక్యాలు. మొదటి వారం ఒక గంట, నేను పైన చెప్పిన స్టూడెంట్ ప్రోగ్రాం లాంటిది ఒకటి పిల్లల చేత చెడగొట్టించి చూపించడం. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినవాళ్లు పాలిమార్ఫిజం డెఫినిషన్ అడిగే ముందు ఫోల్డర్ తెరిచి ఒకసారి పేర్లు చూడడం. ఫైనలియర్ ప్రాజెక్టును గైడ్ సంతకం పెట్టే ముందు, పిల్లల ల్యాప్‌టాప్‌లో కాకుండా, ఆ మూలనున్న ఉబుంటు సిస్టమ్‌లో క్లోన్ చేసి నడిపించి చూడడం. ఈ చివరిది ఒక్కటి చేసినా మిగతావి వాటంతట అవే దారికొస్తాయి. మొదటి ఏడాది సగం ప్రాజెక్టులు లేవవు, లొల్లి అవుతుంది. ఆ లొల్లి మీ ల్యాబ్‌లోనే కానివ్వండి.

1959లో ఆర్‌ఈసీకి, అంటే ఇప్పటి ఎన్ఐటీకి, పునాది పడ్డ ఊరు మనది. ఇప్పుడు మడికొండలో కూడా ఐటీ కంపెనీలున్నాయి. మా లాంటి చిన్న ఆఫీసులు నక్కలగుట్టలో, సుబేదారిలో గల్లీకొకటి వస్తున్నాయి. మీ పిల్లలను హైదరాబాద్ పంపకుండా ఇక్కడే ఉంచుకుందామన్న ఆశ మాకు ఉంది. కావాలంటే ఏ శనివారమైనా నేను మీ ల్యాబ్‌కు వచ్చి ఆ గంట చెప్తాను, డబ్బులేం వద్దు. ప్రొజెక్టర్ పనిచేస్తే చాలు.

మొన్న ప్రింటర్ మార్చడానికి అదే అడ్తి దుకాణానికి వెళ్లాను. మా ఇంటర్న్ కూడా వచ్చాడు. ఇప్పుడు మా దగ్గరే ఉద్యోగం, ఫైలు పేరు ఫోన్లో చెప్పాల్సి వస్తే "టీ క్యాపిటల్, ఏ స్మాల్, కే స్మాల్" అని బ్యాంకువాళ్ల లాగా అక్షరం అక్షరం చెప్తాడు. ప్రింటర్ కేబుల్ కోసం సొరుగు లాగితే కార్బన్ పేపర్ల కట్ట, పక్కన తక్‌పట్టీ పుస్తకం. రెండేళ్లుగా అక్కడే ఉన్నాయట. తీసేద్దామా అని అడిగితే గుమస్తా నవ్వి, "ఉండనియ్యండి సారూ, మీ కంప్యూటరు మళ్లెప్పుడు అలుగుతదో" అని సొరుగు మూసేశాడు.

ఇట్లు,
మీ పాత విద్యార్థి ఒకడు,
హనుమకొండ.